ఇత్తడి అండాలో ఆల్చిప్పలు

మూత తీయగానే ఆ వాసన లేచి ముఖాన కొట్టింది. కుళ్లిన కోడిగుడ్డు, మురుగు కాలవ, పిండకుండా మూలన పడేసిన తడిగుడ్డ, ఈ మూడూ కలిపి ఎండలో పెడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. అది నాలుగు పక్కలా క్లిప్పులు బిగించే ప్లాస్టిక్ డబ్బా. తమిళనాడు ధర్మపురిలో మా ఇంటి వంటగట్టు మీద ఉంది. లోపల ఉన్నవి నిన్న కడలూరు దగ్గరి ఉప్పుటేటి గట్టున, చేపలమ్మే ఒక ముసలమ్మ బుట్టలోంచి ఏరుకుని తెచ్చిన సముద్రపు గుల్లలు. నిన్న అవి గులకరాళ్లలాగా గట్టిగా మూసుకుని ఉన్నాయి. ఇవాళ సగానికి సగం నోళ్లు తెరుచుకుని, లోపలి పసుపుపచ్చ మాంసం బయటికి వేలాడేసుకుని, జిగురు కారుస్తూ పడి ఉన్నాయి. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు జీవశాస్త్రం చెప్పినదాన్ని, కప్పలనూ బొద్దింకలనూ కోసి చూపించినదాన్ని, అయినా మూత ధడాలున వేసేశాను.

ముందుగదిలో మా రుక్మిణి చిన్నమ్మ కూర్చుని ఉంది. మా నాయన తమ్ముడి భార్య ఆమె, ఇప్పుడు డెబ్బై మూడేళ్లు. ఈ గుల్లలు ఆమె కోసమే తెచ్చాను. జ్వరాలు ఊరూవాడా ఊడ్చేసిన ఆ ఏడాది ఆమెకూ జ్వరం వచ్చి, ప్రాణం దక్కింది గాని ముక్కుకు వాసన తెలియడం పోయింది, మళ్లీ రాలేదు. అందుకే ఇల్లంతా కంపు కొడుతున్నా పది అడుగుల దూరంలో నిమ్మళంగా కూర్చుని, "ఏమే వసంతా, కడిగినావా? చిన్న సట్టిలో పెట్టు. నీళ్లు పొయ్యొద్దు, అవే విడుస్తాయి" అని కేకేస్తోంది. "కడుగుతా ఉండా చిన్నమ్మా" అని అబద్ధం చెప్పి, మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాను. నా తొమ్మిదో ఏట కూడా ఇట్లాగే ఒక మూత మీద నా చెయ్యి ఉండింది, ఆ మూత కింది సంగతి నేను ఈ యాభై ఏళ్లలో ఎవరితోనూ అనలేదు. దాని మూలంగా ఈమెకు అత్తింట్లో వంటిల్లు లేకుండా పోయింది.

మా ఇల్లు బొమ్మిడి రైలు స్టేషనుకూ బి. మల్లాపురానికీ నడుమ, తోటలో ఉండేది. మావాళ్లు ఎన్ని వందల ఏళ్ల కిందట ఈ మెట్టనేలకు వచ్చి పడ్డారో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, అంతే. తెలుగు అక్షరాలు రానివాళ్లే ఎక్కువ, నేనూ పెళ్లయ్యాకే నేర్చుకున్నాను. వేసవి వచ్చిందంటే సేర్వరాయన్ కొండల మీదినుంచి దిగే గాలి కూడా పొయ్యి ఊదినంత వేడిగా ఉండేది, బావిలో నీళ్లు అడుక్కి పోయి చేదతాడుకు ఇంకో తాడు ముడివేయాల్సి వచ్చేది, గొడ్లు నాలుకలు బయటపెట్టి రొప్పేవి, మేము పిల్లలం మాత్రం చింతచెట్టు కింద చేరి చింతగింజలతో వామనగుంటలాడుకుంటూ, ముంజలను బొటనవేలితో తోడుకుని తింటూ, ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్కలతో పళ్లు పులిసి సంగటి కూడా నమలలేని స్థితికి వచ్చేదాకా ఇంటికి పోయేవాళ్లం కాదు. రైలు కూత వినిపిస్తే అది సేలం పోయేదా జోలార్‌పేట పోయేదా అని పందేలు కాసుకునేవాళ్లం. చిన్నతనం గురించి అందరూ నోరూరేటట్టు చెబుతారు. నాకు మాత్రం ఆ రోజులు తలచుకుంటే ముందుగా వచ్చేది వాసనే, అదీ మంచి వాసన కాదు.

మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, ఆ ఇంటిని ముక్కుతో ఏలింది. పాలు ఏ దుత్తలో మరిగించారో, ఏ కోడలు ఎప్పుడు తలంటుకుందో, ఏ పిల్ల చెప్పకుండా వేరుశనక్కాయలు తిందో వాసన చూసే చెప్పేసేది. మాంసం తినని ఇల్లు కాదు మాది. ఆదివారం కోడి, పండగకు మేక, అన్నీ ఉండేవి, కాకపోతే పెరట్లో వేరే పొయ్యి మీద, వేరే సట్టిలో. చేపను కూడా మొహం చిట్లించుకుని ఒప్పుకునేవాళ్లు. చెరువు బురదలో ఉండే నత్తలూ ఆల్చిప్పలూ అంటే మాత్రం, పేరెత్తగానే అవ్వ తుపుక్కున ఉమ్మేది, అవి తినేవాళ్ల చేతి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. తమాషా ఏమిటంటే, మామిడికాయల చెక్కు తీయడానికి మా వంటింట్లో వాడేది ఆల్చిప్పే. దాన్ని రాతి మీద అరగదీసి నడుమ బొక్క పెట్టి, గూట్లో భద్రంగా దాచేవాళ్లు. అవ్వ వక్కాకుల పెట్టెలో వేలితో తీసి తమలపాకుకు రాసుకునేది కూడా గుల్ల కాల్చి తీసిన సున్నమే. చచ్చి ఎండిన గుల్లను వంటింట్లో పెట్టుకోవచ్చు, కాల్చిన గుల్లను నాలుక మీద పెట్టుకోవచ్చు, బతికున్నది వాకిలి తొక్కితే మాత్రం ఇల్లు మైలపడుతుంది. చిన్నప్పుడు ఇది నాకు వింతగా అనిపించలేదు. ఇప్పుడు తలచుకుంటే అసహ్యం వేస్తుంది.

అటువంటి ఇంటికి రుక్మిణి చిన్నమ్మ కోడలై వచ్చింది. వాళ్లూ తెలుగువాళ్లే, కాని కడలూరు పక్క ఉప్పుటేటి ఒడ్డున కొబ్బరితోటలు పెట్టుకుని స్థిరపడిన వాళ్లు. ఇరవై ఏళ్ల పిల్ల, నల్లగా, పొడుగ్గా, నవ్వితే చిగుళ్లు కనిపించేవి. ఆమె పెట్టె తెరిచిన రోజున అవ్వ ముక్కు మూసుకుని, "చీరలు కూడా నీచు కొడతా ఉండాయి గదే" అంటే, ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పుట్టింట్లో ఏం తిన్నా ఇక్కడ మాత్రం ముట్టనని తాంబూలాల నాడే ఆమె చేత మాట తీసుకున్నారు. ఆమె ఆ మాట మీద నిలబడింది. కాని మాట్లాడకుండా ఉండమని ఎవరూ మాట తీసుకోలేదు కాబట్టి, నాకు తల దువ్వేటప్పుడు పేలు చూస్తూ చూస్తూ వాళ్ల ఊరి సంగతులన్నీ చెప్పేది.

"పగలు నీళ్లు వెనక్కి పోయినాక రాళ్లు కాలు పెట్టలేనంత కాల్తాయి పాపా. ఆ రాళ్లను పట్టుకుని ఉండే గుల్లలు ఏం చేస్తాయో తెలుసునా? ఒక గుక్కెడు ఉప్పునీళ్లు లోపల పెట్టుకుని గట్టిగా మూసుకుంటాయి. మళ్లా నీళ్లు వచ్చేదాకా అట్లే ఉంటాయి. మరీ ఊపిరాడకుంటే రవ్వంత తెరిచి, గాలి తీసుకుని మళ్లా మూసుకుంటాయి."

సముద్రం రోజుకు రెండుసార్లు వచ్చి పోతుందన్న మాటే నేను నమ్మలేదు. మా చెరువు ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప, ఒకసారి పోతే ఎనిమిది నెలలు రాదు.

ఆ ఏడాది చెరువు శ్రీరామనవమికి ముందే అడుగంటింది. నడిమధ్యలో ఒక మడుగు మిగిలి, దాని చుట్టూ మోకాలి లోతు బురద, ఆ బురద చుట్టూ పగుళ్లిచ్చిన నల్లమట్టి. ఆ మడుగులో బర్రెలు పొర్లి పేడ వేసేవి, పందులు ముట్టెలతో గట్టు తవ్వేవి, ఊపిరందని చిన్నచేపలు వెల్లకిలా తేలితే కాకులు కళ్లు మాత్రం పొడుచుకుని మిగతాది వదిలేసేవి. దాని మీద పచ్చటి నాచు పెరుగు మీది మీగడలాగా కట్టుకుని, ఎండెక్కేకొద్దీ బుడగలు లేచేవి, ఒక్కో బుడగ పగిలినప్పుడు ఒక్కో కంపు. బర్రెను తోలుకు రావడానికి చిన్నమ్మ పోతే నేనూ ఆమె వెంట పోయేదాన్ని. ముక్కుకు పావడా అంచు అడ్డం పెట్టుకుని, అయినా పోయేదాన్ని.

ఒక పొద్దున ఆ బురద మీద, ఎవరో చూపుడువేలితో గీసినట్టు వంకరటింకర గీతలు కనిపించాయి. ఒక్కో గీత కొసన ఒక్కో ఆల్చిప్ప, సగం బురదలో దిగబడి, అంచు నిలబెట్టుకుని ఉంది. "నీళ్లు వెతుక్కుంటా పోతా ఉండాయి పాపం" అంది చిన్నమ్మ. వంగి ఒకదాన్ని పైకి తీస్తే అది చిర్రుమని నీళ్లు చిమ్మింది, అవి సూటిగా నా మొహం మీద పడ్డాయి. నేను ఛీ ఛీ అని మొహం తుడుచుకుంటూ ఎగిరితే చిన్నమ్మ చిగుళ్లు కనబడేటట్టు నవ్వింది. అత్తింటికి వచ్చాక అంత పెద్దగా నవ్వడం అదే మొదలు. తరవాత ఆ ఆల్చిప్పను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"తినాలని ఉండాదా చిన్నమ్మా?" అన్నాను రోతగా.

"ఉండకేం. అయితే మీ అవ్వకు మాట ఇచ్చినా గదా" అని, దాన్ని తీసిన చోటే బురదలో గుచ్చి, అరచేత్తో నాలుగు చుక్కల నీళ్లు చల్లి వచ్చేసింది. వానలు వచ్చేదాకా ఇవి బతుకుతాయా అని నేనడిగితే, లోతుకు పోయినవి బతుకుతాయి, పైనున్నవి కాకుల పాలవుతాయి అంది. ఇంటికి తీసుకుపోయి దాస్తేనో అని అడిగాను. "తడిగోనె చుట్టి నీడన పెడితే ఎన్ని దినాలైనా ఉంటాయి. నీళ్లల్లో మాత్రం పెట్టకూడదు. కదలని నీళ్లు కాగితే లోపలి గాలి అయిపోతాది, అన్నీ ఒకదాని ఊపిరి ఒకటి తాగి చస్తాయి."

ఇది కూడా నేను నమ్మలేదు. ఎట్లా నమ్ముతాను? మాది మెట్టదేశం. మా ఇంట్లో దూడ సొమ్మసిల్లితే నీళ్లు, మొక్క వాడితే నీళ్లు, మనిషికి మూర్ఛ వస్తే నీళ్లు, చావబోయే ముసలాయన నోట్లో కూడా నీళ్లే. నీళ్లలో పుట్టినదాన్ని నీళ్లలో పెడితే చస్తుందని చెబితే, ఉప్పు తిని తిని ఈమె బుర్రకు ఏమో అయిందని మాత్రమే అనుకోగలం.

శ్రీరామనవమి మా ఇంట్లో పెద్ద పండగ. పెరట్లో పందిరి వేసి, దారిన పోయేవాళ్లందరికీ పానకం, వడపప్పు, కరివేపాకు అల్లం దంచి వేసిన నీరుమజ్జిగ పోసేవాళ్లు. బెల్లం అచ్చులు రోట్లో పగిలే చప్పుడు, శొంఠీ యాలకులూ దంచుతుంటే వచ్చే తుమ్ములు, తులసి ఆకులు ఇంకా తేలుతున్న పానకం గరిటెతో పోస్తే అరచేతుల్లోంచి మోచేతుల దాకా కారి చీమలు పట్టడం, అన్నీ ఇప్పటికీ గుర్తే. ఆ పానకం కలిపే ఇత్తడి అండా ఒకటి ఉండేది, నేను లోపల కూర్చుంటే తల మాత్రం కనిపించేంత పెద్దది. ఏడాదికి ఒక్కసారి ఆ పనికే వాడి, మిగతా రోజులు పెరటి రేకుల కొట్టంలో బోర్లించేవాళ్లు. పెళ్లయిన కోడలు మొదటి నవమినాడు తన చేత్తో బెల్లం చిదిమి ఆ అండాలో వేయాలి. వేస్తేనే ఆమెకు వంటిల్లు ఇచ్చినట్టు. అంతవరకు వాకిలి ఊడ్చడం, గొడ్లు చూడడం, అంట్లు తోమడం, అంతే. ఆ ఏడాది చిన్నమ్మ వంతు. వారం ముందునుంచే ఆమె ఆ చీర కట్టుకోనా ఈ చీర కట్టుకోనా అని మా అమ్మను అడుగుతూ తిరిగింది.

ఆమెను మళ్లీ చెరువు దగ్గర నవ్వినట్టు నవ్వించాలని నాకు బుద్ధి పుట్టింది. పండగకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ, ఒక్కదాన్నే చెరువుకు పోయి, బురదలో చేతులు పెట్టి, రోతతో పళ్లు బిగబట్టుకుని, ఆల్చిప్పలు ఏరి పావడాలో పోసుకుని మూడు తడవలు మోసుకొచ్చాను. అరవైకి తక్కువ ఉండవు. దాచడానికి చోటు కావాలి. కొట్టంలో అండా ఉంది, దానికి బరువైన మూత ఉంది, పిల్లి పడదు, కాకి రాదు. పండగకు ఇంకా రెండు రోజులుంది కదా, ఆలోగా బయటికి తీసి తొట్టిలోకి మార్చేయవచ్చు. అండాను నిలబెట్టి, అవన్నీ అందులో పేర్చి, బావినుంచి చెంబుచెంబుగా నీళ్లు తెచ్చి అవి మునిగేదాకా పోసి, మూతపెట్టి, తాత పాత తలగుడ్డతో చుట్టూ బిగించి కట్టాను. తడిగోనె చుట్టి పెట్టే పిసినారితనం ఎందుకు, చెరువునే ఇంటికి తెచ్చాను కదా అని గర్వపడ్డాను.

మరునాడు తెరిచి చూస్తే అన్నీ గట్టిగా మూసుకునే ఉన్నాయి. రేకుల కింద కొట్టం పొయ్యిలాగా కాలుతోంది, నీళ్లు స్నానానికి తోడినంత గోరువెచ్చగా ఉన్నాయి. సాయంత్రానికి కొన్ని రవ్వంత తెరుచుకుని తెల్లటి నాలుకలు బయట పెట్టాయి. సంతోషంగా ఉన్నాయనుకుని మూత మళ్లీ బిగించాను. అవి ఊపిరికి అల్లాడుతున్నాయని నాకేం తెలుసు.

నవమి పొద్దున అందరికన్నా ముందు లేచి కొట్టంలోకి పోయాను. మూత ఎత్తగానే కంపు కొట్టింది. నీళ్లు బియ్యం కడుగులాగా చిక్కబడి, పైన నురగ కట్టి ఉన్నాయి. ఇంకా ఒక్కటైనా బతికి ఉంటుందేమోనని చెయ్యి ముంచితే, వేళ్ల నడుమ మెత్తగా, జారుడుగా, చీముపట్టిన పుండులో వేలు పెట్టినట్టు తగిలింది. అన్నీ బారునా తెరుచుకుని ఉన్నాయి. చెయ్యి లాక్కుని, మూతవేసి, బావి దగ్గరికి పరుగెత్తి కక్కుకున్నాను.

అప్పుడే అండా తెచ్చి తోమమని అవ్వ చిన్నమ్మను పంపింది. ఆమె కొట్టంలోకి పోయింది, అండాతో కాకుండా ఒట్టి చేతులతో బయటికి వచ్చింది. నేరుగా నా దగ్గరికి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని వాసన చూసింది. అంట్లగట్టు మీది చింతపండు ముద్దా పొయ్యి బూడిదా తీసుకుని, గోళ్ల సందుల్లో కూడా రుద్ది రుద్ది, చేతులు మండేదాకా కడిగి, మళ్లీ వాసన చూసి, "పో, లోపలికి పోయి కొత్తపావడా కట్టుకో" అంది. తరవాత అండాను ఈడ్చుకుంటూ పేడగుంట వైపు పోయింది. సగం దారిలో అవ్వ ఎదురొచ్చింది.

ఇల్లంతా పెరట్లోకి వచ్చి పడింది. అవ్వ మూత తీసి చూసి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, దేవుడి అండా అని తల బాదుకుంది. "మాట ఇచ్చి మాట తప్పినావు గదే. తినాలని తెచ్చి దాచినావా? ఉప్పుటేటి బుద్ధి యాడికి పోతాది?"

చిన్నమ్మ గొంతు గట్టిగా పెట్టి అంది: "నేను తేలేదు అత్తా. నేను తెచ్చింటే నీళ్లల్లో పెడతానా? నీళ్లల్లో మూతేసి పెడితే చస్తాయని నాకు తెలీదా?"

అందరూ నవ్వారు. పందిరి కట్టడానికి వచ్చిన వాళ్లు కూడా నవ్వారు. "నీళ్లల్లో పుట్టింది నీళ్లల్లో పెడితే చస్తాదంట" అని తాత పొట్ట పట్టుకున్నాడు. ఆమె చెప్పిన ఒక్క నిజమూ ఆ మెట్టవాళ్ల చెవులకు అన్నిటిలోకీ పెద్ద అబద్ధంగా వినిపించింది. ఆ గుంపులో అది నిజమని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చిన్నమ్మ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా వైపు చూసింది. నా చేతుల్లో చింతపండు పులుపు వాసన ఇంకా ఉంది. నేను జడకుచ్చు నోట్లో పెట్టుకుని నమిలాను. చిన్నాయన, కట్టుకున్నవాడు, నేల చూస్తూ నిలబడ్డాడు. తొమ్మిదేళ్ల పిల్లకు ఏం తెలుస్తుందని మీరనవచ్చు. తెలుసు. అన్నీ తెలిసే ఊరుకున్నాను.

ఆ పూట పానకం స్టీలు బకెట్లలో కలిపారు, బెల్లం మా అమ్మ చేత వేయించారు. అండాను కరిగించుకొమ్మని బొమ్మిడిలో పాత్రలవాడికి ఇచ్చేశారు. ఇల్లంతా పసుపునీళ్లు చల్లారు. చిన్నమ్మకు గొడ్లపాక పక్కన తాటాకు చూరు దింపి వేరే పొయ్యి పెట్టించారు. ఈగలూ, ఉచ్చ కంపూ, వాన వస్తే మోకాలి లోతు పేడనీళ్లు, వాటి నడుమ కూర్చుని, అవ్వ కన్ను మూసేదాకా ఏడేళ్లు, తనకూ తన మొగుడికీ, తరవాత పుట్టిన ఇద్దరు బిడ్డలకూ అక్కడే వండింది. ఊళ్లో ఆమె పేరు గుల్లల రుక్మిణి అయింది. నేను బడినుంచి వస్తూ ఆ చూరు కింద దూరితే సంగటి ముద్ద మీద వేడి పులుసు పోసి పెట్టేది, ఆ పొద్దు మాట ఎత్తేది కాదు. నేను తినేదాన్ని, చేతులు కడుక్కుని పెద్దింట్లోకి పోయేదాన్ని. ఆ పిల్లను ఇప్పుడు తలచుకుంటే, పేడగుంట మీది ఈగను చూసినంత అసహ్యంగా ఉంటుంది.

సేలంలో కాలేజీకి పోయాక చిన్నమ్మ మాట నిజమని పుస్తకాల్లో చదివాను. నీళ్లు వెచ్చబడేకొద్దీ వాటిలో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది, అదే వేడికి ప్రాణికి కావలసిన గాలి పెరుగుతుంది. మూసుకున్న గుల్ల గుండె వేగం తగ్గించుకుని, గాలి లేకుండానే లోపలి నిలవను కొద్దికొద్దిగా ఖర్చు పెట్టుకుంటూ బతుకుతుంది. అట్లా బతకడంలో పులుపు పుట్టి ఒంట్లో చేరుతుంది, దాన్ని విరవడానికి తన చిప్పనే లోపలినుంచి రవ్వరవ్వ కరిగించుకుంటుంది. ఇత్తడిలోని రాగి కూడా వాటికి విషమేనట. ఇంకో సంగతి నన్ను బాగా పట్టుకుంది: చిప్పలు తెరుచుకోవడానికి బలం అక్కరలేదు, వాటి కీలే వాటిని తెరుస్తుంది. మూసుకుని ఉండడానికే కండబలం కావాలి, బలం అయిపోయిన నిమిషాన తెరుచుకుంటాయి. నోరు మూసుకుని ఉండడానికి నాకు ఏ బలమూ అక్కరలేకపోయింది. ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను, ఏటా ఈ చోటికి రాగానే సుద్దముక్క కింద పెట్టి మంచినీళ్లు తాగేదాన్ని.

ఆ చెరువు ఇప్పుడు లేదు, ఉంది అంటే ఉంది. సగంలో ప్లాట్ల రాళ్లు పాతారు, మిగతా సగంలో కోడి బొచ్చూ పేగులూ, పిల్లల డైపర్లూ, మందు సీసాలూ. ఏడాది పొడుగునా నల్లటి నీళ్లుంటాయి, ఎండడం కూడా మానేసింది. పోయినేడు పోయి గట్టంతా వెతికాను, ఒక్క ఆల్చిప్ప ముక్క కనబడలేదు. మామిడికాయ చెక్కు తీసే బొక్కచిప్ప ఎవరింట్లోనూ లేదు, సున్నం ప్లాస్టిక్ డబ్బీల్లో వస్తోంది, నవమి పానకం కాగితపు కప్పుల్లో పోస్తున్నారు.

నిన్న కడలూరు వైపు ఒక పెళ్లికి మా తమ్ముడి కొడుకు కారులో పోయి వస్తూ, చిన్నమ్మ పుట్టిన ఊరు ఇదే కదా అని ఆపించాను. ఈమె యాభై ఏళ్లుగా మాట మీద నిలబడి ముట్టలేదు, మాట తీసుకున్నవాళ్లు పోయి ఎంత కాలమైంది, ఒక్కసారి తినిపించాలనుకున్నాను. ముసలమ్మ గుల్లలను తడిగోనెలో చుట్టి ఇచ్చి, నీళ్లు పోయొద్దమ్మా అని అరవంలో చెప్పింది కూడా. కారెక్కగానే మా మేనల్లుడు ముక్కు మూసుకుని, "అత్తా, కారంతా నీచు కొడుతుంది" అన్నాడు. అంతే, నాకు సిగ్గేసింది. అన్నీ తెలిసినదాన్ని, ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, గోనె విప్పి గుల్లలన్నీ అన్నం డబ్బాలో పోసి నాలుగు క్లిప్పులూ టకటకా బిగించేశాను. ఇంటికి చేరి ఒళ్లునొప్పులతో పడుకుంటే డబ్బా కారులోనే ఉండిపోయింది, పొద్దున ఎండెక్కాక తెచ్చుకున్నాను.

"ఎంతసేపే కడిగేది?" అంటూ చిన్నమ్మ గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. తనే మూత తీసి డబ్బా మీదికి వంగింది. ఆ కంపుకు నేను వెనక్కి తగ్గాను, ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. "నాకు వాసన తెలీదు గదా, కండ్లు కూడా సరిగ్గా ఆనవు. బాగుండాయా లేదా నువ్వే చూసి చెప్పు. నువ్వు చెప్తే చాలు."

"పోయినాయి చిన్నమ్మా."

"అయ్యో. మూత ఎవరు పెట్టినారు?"

మేనల్లుడి పేరు నోటిదాకా వచ్చింది. మింగేశాను. "నేనే పెట్టినా చిన్నమ్మా. ఆ పొద్దు అండాలో పోసి మూత పెట్టింది కూడా నేనే. నేను చెప్పింటే నమ్మేవాళ్లు. చెప్పలేదు."

ఆమె ఒక గుల్లను చేతిలోకి తీసుకుని రెండు చిప్పలనూ వేళ్లతో నొక్కి మూసింది. వదలగానే తెరుచుకుంది. మళ్లీ మూసింది, మళ్లీ తెరుచుకుంది. దాన్ని డబ్బాలో వేసేసి, నా చెయ్యి పట్టుకుని, ఏమీ తెలియని ఆ ముక్కు దగ్గర పెట్టుకుంది.

"చింతపండు ఉండాదా ఇంట్లో?"

లేదు. సీసాలో గుజ్జు ఉంది. ఆమె ఆ గుజ్జే నా అరచేతుల్లో వేసి, వేళ్లతో గోళ్ల సందులు రుద్దుతూ, కుళాయి కింద పెట్టి, "పోయిందా?" అని అడిగింది. లేదు చిన్నమ్మా అన్నాను. ఇంకాస్త గుజ్జు వేసి రుద్ది, మళ్లీ అడిగింది. ఆమెకు తెలియదు కాబట్టి అడుగుతూనే ఉంది, లేదు, ఇంకా ఉంది అని నేను చెబుతూనే ఉన్నాను.